ఎస్తేర్ రెండోసారి చెప్పిన మాట

మిషిగన్ రాష్ట్రంలో మేముండే ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి అరిజోనాలోని చాండ్లర్‌కి విమానంలో నాలుగున్నర గంటలు. మేమిద్దరం ఐదు రోజులు పట్టించాం. ఇద్దరిలో చిన్నదాన్ని నేనే, నాకు అరవై ఒకటి. ఎస్తేర్ గారికి ఎనభై రెండు. 2006 అక్టోబరులో చేసిన ఈ ప్రయాణం గురించి విన్న ప్రతివాళ్ళూ మొదట అడిగేది ఒక్కటే, హాయిగా ఫ్లయిట్ ఎక్కకుండా ఎందుకొచ్చిన కష్టం అని. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఒక్క పెట్టెతో వెళ్ళను

ఎస్తేర్ గారు ఇరవై రెండేళ్ళు మా పక్కింటావిడ. పోలండ్‌లో పుట్టిన యూదు స్త్రీ. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు తనవాళ్ళందరినీ చంపేస్తే ఆవిడ ఒక్కరే మిగిలారని మా వీధిలో అందరికీ తెలుసు. ఎలా మిగిలారో మాత్రం ఎవరికీ తెలియదు. ఆ ఊసెత్తితే "టీ తాగుతావా?" అంటూ లేచి వెళ్ళిపోయేవారు. ఇలాంటివాళ్ళ జీవితాలను రికార్డు చేసి దాచే మ్యూజియం వాళ్ళు మూడుసార్లు కెమెరాతో వచ్చారు. మూడుసార్లూ టీ ఇచ్చి పంపించారు.

ఆవిడ వృత్తి కుట్టుపని. మేము ఆ ఇంట్లోకి వచ్చిన కొత్తలో నా పాత జాకెట్టు ఒకటి నమూనాగా ఇచ్చి, ఇలాంటిది కుట్టగలరా అని అడిగాను. రెండు రోజుల్లో కుట్టి ఇచ్చారు. అప్పటి నుంచి చుట్టుపక్కల తెలుగు ఆడవాళ్ళందరి జాకెట్లూ ఆవిడ మిషను మీదే పుట్టాయి. మా అందరి దగ్గరా విని విని ఆవిడకి మూడు తెలుగు మాటలు వచ్చేశాయి: వదులు, బిగుతు, చంక. మా పెళ్ళిళ్ళకి వచ్చి ఎవరి జాకెట్టు చూసినా "చంక?" అని అడిగేవారు. బాగుందని తలూపితే గాని వదిలేవారు కాదు.

ఆ వేసవిలో ఆవిడకి చిన్న స్ట్రోక్ వచ్చింది. చెయ్యీ కాలూ కోలుకున్నాయి గాని మాటల్లో తడబాటు మిగిలింది. ఒకరోజు వేలికి తొడుక్కునే అంగుస్తానా చేతిలో పట్టుకుని, దాని పేరు గుర్తుకు రాక పది నిమిషాలు కూర్చున్నారు. నేను ముప్పై ఏళ్ళు ఆసుపత్రి లాబ్‌లో పాథాలజీ డాక్టరుగా పనిచేసి రిటైరయినదాన్ని. ఇలాంటి చిన్న స్ట్రోక్ తర్వాత పెద్దది రావచ్చనీ, వస్తే మాట పోవచ్చనీ నాకు తెలుసు.

చాండ్లర్‌లో స్కూల్ టీచరుగా ఉన్న కూతురు రూత్, అమ్మ ఇక ఒంటరిగా ఉండకూడదని పట్టుబట్టింది. సామాను లారీలో వస్తుంది, నువ్వు ఫ్లయిట్ ఎక్కు అంది. ఎస్తేర్ గారు ఫోన్‌లో చెప్పిన జవాబు నేను పక్కనే ఉండి విన్నాను.

"పద్దెనిమిదేళ్ళప్పుడు ఒక్క మూటతో ఇల్లు వదిలాను. మళ్ళీ ఒక్క పెట్టెతో వదలను. నా మిషను నా కళ్ళముందుండాలి."

స్కూలు నడుస్తున్న రోజులు, రూత్‌కి సెలవు దొరకదు. "నేను తీసుకొస్తాను" అన్నాను. మావారికి మోకాలి ఆపరేషన్ అయి నెల కూడా కాలేదు. ఆయన కుర్చీలోంచే అడిగారు, "నువ్వా? చికాగో దాటి ఎప్పుడైనా డ్రైవ్ చేశావా?"

"ఇప్పుడు చేస్తాను."

ఎస్తేర్ గారికి మాత్రం ఒక షరతు పెట్టాను. దారిలో మీ కథ మొదటి నుంచి చెప్పాలి, నేను రికార్డు చేస్తాను అన్నాను. ఆవిడ చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశారు.

"కారులో అయితే నువ్వు రోడ్డు వైపు చూస్తుంటావు. నేనూ రోడ్డు వైపే చూస్తాను. సరే."

పది కాసెట్లు, ఒక చిన్న టేప్ రికార్డర్, సీటు బెల్టుకి తగిలించే మైకు కొన్నాను. వెనక సీట్లో కుట్టుమిషన్‌ని దుప్పట్లో చుట్టి పసిపిల్లలా పడుకోబెట్టాం.

సెయింట్ లూయిస్‌లో గోంగూర

మొదటిరోజు ఇండియానా, ఇల్లినాయ్ రాష్ట్రాల మీదుగా. రెండు పక్కలా కోతకొచ్చిన మొక్కజొన్న. నేను పులిహోర తెచ్చాను, ఆవిడ ఉడికించిన గుడ్లు, నల్ల రొట్టె తెచ్చారు. రెస్ట్ ఏరియాలో బల్ల మీద కూర్చుని ఒకరివి ఒకరం తిన్నాం. చెత్త పడేసేముందు ఆవిడ బల్ల మీది రొట్టెపొడి వేలితో అద్దుకుని నోట్లో వేసుకున్నారు. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను, ఎప్పుడూ అంతే.

ఆ రోజు చెప్పింది చిన్నతనం. ఊరి పేరు మూడు రకాలుగా పలికారు: పోలండ్ వాళ్ళు ఒకలా అంటారు, యూదులు ఇంకోలా, ఇప్పుడది ఉక్రెయిన్‌లో ఉంది కాబట్టి వాళ్ళు మరోలా. తండ్రి దర్జీ. ఆ ఊరి చర్చి ఫాదర్ వేసుకునే పొడవాటి నల్ల అంగీలు కుట్టేది ఆయనే. ముప్పై మూడు గుండీలట ఒక్కో అంగీకి. ఎస్తేర్‌కి ఎనిమిదేళ్ళు వచ్చేసరికి ఆ గుండీలకి కాజాలు కుట్టడం ఆవిడ పనైంది. ఇవన్నీ నవ్వుతూ చెప్పారు.

ఆ రాత్రికి సెయింట్ లూయిస్‌లో మాకు తెలిసిన విజయ వాళ్ళింట్లో బస. విజయది వరంగల్, భర్తది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తలుపు తీస్తూనే మొదలుపెట్టింది.

"అయ్యో ఆంటీ, గింత దూరం మీరొక్కరే డ్రైవ్ చేసిన్రా? ఒక్క ఫోన్ కొడితే మా ఆయన ఎదురొచ్చెటోడు గద! రండ్రి, రండ్రి. ఆమె ఏం తింటది? కారం తింటదా?"

భోజనాల దగ్గర ఎస్తేర్ గారు గోంగూర పచ్చడి వైపు అనుమానంగా చూసి, చెంచా కొనతో రుచి చూశారు. చెంచా అలాగే పట్టుకుని ఆగిపోయారు. కారం తగిలిందేమోనని విజయ నీళ్ళు అందించబోయింది. ఆవిడ వద్దని తలూపి, "ఇది మా అమ్మ పులుపు" అన్నారు. వాళ్ళ ఊళ్ళో వసంతకాలంలో ఇలాంటి పుల్లని ఆకుతోనే చల్లటి చారు కాచి, పైన మీగడ వేసుకుని తినేవారట. విజయ గబగబా పెరుగు తెచ్చింది. గోంగూరలో పెరుగు కలుపుకుని తిన్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. రెండోసారి వడ్డించుకున్నారు కూడా.

విజయకి ఇద్దరు ఆడపిల్లలు. అన్నం తిన్నాక పెద్దది సోఫాలో కూర్చుని చిన్నదానికి జడ వేస్తోంది. ఎస్తేర్ గారు కన్నార్పకుండా వాళ్ళనే చూస్తున్నారు. చిన్నది వాళ్ళ అమెరికన్ యాసలో అడిగింది, మీకు సిస్టర్ ఉందా అని.

"లేదు" అన్నారు ఎస్తేర్ గారు. చాలా త్వరగా అన్నారు.

మిస్సోరి దాటుతూ

మర్నాడు మిస్సోరి రోడ్డు ఎత్తుపల్లాల మీద వెళ్తోంది. గుహలు చూడమని పిలిచే పెద్ద పెద్ద బోర్డులు ప్రతి మలుపులోనూ. గంట గడిచాక ఆవిడ మైకు తనే తగిలించుకున్నారు.

"రాత్రి ఆ పిల్లకి అబద్ధం చెప్పాను. నాకో చెల్లెలు ఉండేది. పేరు గిటెల్."

ఇన్నేళ్ళలో ఆ పేరు వినడం అదే మొదలు.

"రూత్‌కి తెలుసా?"

"తెలియదు. మా ఆయనకీ తెలియదు. ఆయన పోయాడు."

తర్వాత చెప్పారు. జర్మన్లు వచ్చాక యూదులందరినీ ఊళ్ళో రెండు వీధుల్లో కుక్కి చుట్టూ కంచె వేశారు. నెలకోసారి కొందరిని తీసుకెళ్ళేవారు, వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు. అంగీలు కుట్టించుకునే ఆ ఫాదరే ఒకరోజు తండ్రికి ఒక కాగితం తెచ్చి ఇచ్చాడు. చనిపోయిన ఒక క్రైస్తవ అమ్మాయి బాప్తిస్మం కాగితం. పేరు మరియా. జర్మనీకి పనికి తీసుకెళ్ళే పోలిష్ అమ్మాయిల్లో కలిసిపోతే ఒక్కరు బతకొచ్చు. ఈలోగా గిటెల్ టైఫస్ అనే విషజ్వరం సోకి చనిపోయింది. అందుకని కాగితం ఎస్తేర్‌కి వచ్చింది.

ఇంత పెద్ద సంగతి చదువుకున్న పాఠంలా చెప్పారు. ఒకచోట పెట్రోలు పోయించుకుని, కాసెట్ తిప్పి, మళ్ళీ బయలుదేరాం.

టల్సా: ఖాళీ టేపు

ఓక్లహోమాలో టల్సా ఊరి చివర మోటెల్ నడిపేది ఒక గుజరాతీ ఆవిడ. నలభై రెండు డాలర్లు అని చెప్పి, నా బొట్టు చూసి ముప్పై ఏడు చేసింది. దుప్పట్లో ఉన్న కుట్టుమిషన్‌ని మేమిద్దరం మోయడం చూసి తనూ ఒక చెయ్యి వేసింది. "లోపల ఏముంది, బెన్? బంగారమా?" అని, వాళ్ళ భాషలో అక్కా అని పిలుస్తూ అడిగితే ఎస్తేర్ గారు చాలా గంభీరంగా అవునన్నారు.

పొద్దున ఎస్తేర్ గారు స్నానానికి వెళ్ళినప్పుడు, కాసెట్ల మీద పేర్లు రాద్దామని ముందురోజుది పెట్టి విన్నాను. సన్నటి హోరు తప్ప ఏమీ లేదు. ముందుకు తిప్పాను, వెనక్కి తిప్పాను, రెండో వైపు వేశాను. అదే హోరు. మైకు పక్కన చిన్న స్విచ్ ఒకటుంది. ముందురోజు ఆవిడ మైకు తగిలించుకున్నప్పుడు అది కిందకి జరిగినట్టుంది. రికార్డర్ మీద ఎర్ర దీపం వెలుగుతోంది కదా అని నేను చూసుకోలేదు. మైక్రోస్కోపు కింద ఎన్నో వేల స్లైడ్లు తప్పు లేకుండా చూశానని గర్వపడినదాన్ని. గిటెల్ పేరు ప్రపంచంలో మొదటిసారి బయటికి వచ్చిన రోజు, దాన్ని పట్టుకోలేకపోయాను.

అల్పాహారం బల్ల దగ్గర చెప్పేశాను. ఆవిడ కాఫీ కప్పు మెల్లగా కిందపెట్టారు.

"అంతా పోయిందా?"

"అంతా. నాదే తప్పు. కానీ నాకు ప్రతి మాటా గుర్తుంది. కూర్చుని రాసేస్తాను, మీరు మళ్ళీ చెప్పక్కర్లేదు."

ఆవిడ లేచి వెళ్ళి కారులో కూర్చున్నారు.

టెక్సస్ గాలి

ఆ రోజు మూడు వందల మైళ్ళు మౌనంగా వెళ్ళాం. టెక్సస్‌లోకి వచ్చేసరికి నేల బల్లపరుపుగా అయిపోయింది. చెట్టు లేదు, గుట్ట లేదు. గాలి మాత్రం కారుని పక్కకి నెడుతోంది. దారిలో ఒక హోటల్ బోర్డు: గంటలో రెండు కిలోల మాంసం ఒక్కరే తినేస్తే డబ్బు కట్టక్కర్లేదట. మామూలుగా అయితే ఎస్తేర్ గారు దాని మీద ఏదో ఒకటి అనేవారు.

రోడ్డు పక్క చిన్న హోటల్లో ఆగాం. వడ్డించే ఆవిడ మా ఇద్దరినీ "హనీ" అని పిలిచింది, నా చీర కొంగు పట్టుకుని చూసింది. ఇది జారిపోకుండా ఎలా ఆగుతుంది అని అడిగింది. గుడ్డు, రొట్టె తెచ్చి పెట్టింది. ఎస్తేర్ గారు సగమే తిన్నారు. మిగిలిన రొట్టె కాగితం రుమాలులో చుట్టి సంచిలో పెట్టుకుని, అప్పుడు నా వైపు చూశారు.

"నిన్న చెప్పింది రాయకు, సుభద్రా."

"ఎందుకు?"

"అది నిజం కాదు."

హోటల్లో పక్క బల్లల దగ్గర పళ్ళేల చప్పుడు. ఆవిడ గొంతు తగ్గించలేదు.

"నీ టేపులో ఏమీ పడలేదని పొద్దున చెప్పినప్పుడు నాకు కోపం రాలేదు. సంతోషం వేసింది. అది చూసి నాకే సిగ్గేసింది. అరవై ఏళ్ళ తర్వాత నోరు తెరిచి, తెరిచిన రోజే అబద్ధం చెప్పాను. చచ్చిపోయాక అదే మిగిలేది. పద. మళ్ళీ చెప్తాను."

కారులో కూర్చుని అద్దాలన్నీ ఎత్తేశాం. అయినా గాలి చప్పుడు వస్తోందని కారు తీసుకెళ్ళి హోటల్ గోడ వెనక ఆపాను. స్విచ్ చూశాను. రెండు మాటలు రికార్డు చేసి, వెనక్కి తిప్పి వినిపించాను. ఆవిడ తల ఊపారు. ఆ తర్వాత చెప్పింది ఇక్కడ ఆవిడ మాటల్లోనే పెడుతున్నాను. ఇంగ్లీషులో చెప్పారు, తెలుగు నాది.

"టైఫస్ కాదు. మామూలు జ్వరం. ఫాదర్ ఇచ్చిన కాగితం గిటెల్ కోసం. చనిపోయిన అమ్మాయికి పదహారేళ్ళు, గిటెల్‌కీ పదహారే. నాకు పద్దెనిమిది. మా నాన్న ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. చిన్నది వెళ్తుంది అన్నాడు. నేను సరే అన్నాను. పనివాళ్ళని తీసుకెళ్ళే రైలు గురువారం. బుధవారం దానికి జ్వరం వచ్చింది. వచ్చే గురువారం ఇంకో రైలు ఉంది, అప్పటికి తగ్గిపోతుంది అన్నాడు నాన్న.

"కాగితం నాన్న కోటు లైనింగ్‌లో ఉంది. అక్కడ పెట్టి కుట్టింది నేనే. ఎన్ని కుట్లో నాకు తెలుసు. తెల్లవారకముందే లేచి ఒక్కొక్కటీ విప్పాను. నాన్నా అమ్మా నిద్రపోతున్నారు. కాగితం రవికలో పెట్టుకుని వెనక్కి తిరిగితే, గిటెల్ కళ్ళు తెరిచి నన్నే చూస్తోంది.

"అరవలేదు. నాన్నని లేపలేదు. చేత్తో దగ్గరకి రమ్మంది. నేను వంగాను. నా తలగుడ్డ మెడ వెనక ముడి వేసుకున్నాను. అది విప్పి, గడ్డం కిందకి తెచ్చి కట్టింది. 'వాళ్ళ అమ్మాయిలు ఇలా కట్టుకుంటారు. నువ్వెప్పుడూ తప్పే కడతావు' అంది. దాని చేతులు వేడిగా ఉన్నాయి. అంతే. నేను వెళ్ళిపోయాను.

"స్టేషన్ దగ్గర వరసలో నా ముందున్న అమ్మాయిని పోలీసు పక్కకి లాగేశాడు. నన్ను చూశాడు, తలగుడ్డ చూశాడు, పొమ్మన్నాడు."

నేనే అడిగాను, "తర్వాతి గురువారం?"

"మంగళవారమే మా రెండు వీధులూ ఖాళీ చేయించారు. ఎవ్వరినీ వదల్లేదు. ఈ సంగతి యుద్ధమయ్యాక, మా ఊరి మనిషి ఒకాయన శరణార్థుల శిబిరంలో కనబడి చెప్పాడు." ఆవిడ నా వైపు తిరిగారు. రోడ్డు వైపు కాదు, నా మొహంలోకే చూశారు. "నువ్వు డాక్టరువి. చెప్పు. జ్వరంతో ఉన్న పిల్ల ఆ రోజు వెళ్ళగలిగేదా? నేను తీసుకోకపోతే ఆ కాగితం ఎవరికీ పనికిరాకుండా పోయేది కదా?"

అవును అనడం ఎంత తేలికో అప్పుడే తెలిసింది. కానీ స్లైడులో కనబడనిది ఉన్నట్టు రాయడం నా ఉద్యోగంలో ఏనాడూ చేయలేదు.

"నాకు తెలియదు, ఎస్తేర్ గారూ. ఎవరికీ తెలియదు."

ఆవిడ గట్టిగా ఊపిరి వదిలారు.

"మంచిది. నీ తప్పేం లేదు అని ఎవరైనా అంటారనే ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఆ మాట అంటే గిటెల్ అక్కడితో అయిపోతుంది."

టేపు వెనక్కి తిప్పి విన్నాను. పడింది. మొత్తం పడింది.

గాలప్‌లో వెల్వెట్ రవిక

మర్నాడు న్యూ మెక్సికో. ఎర్రటి కొండలు, ఇంత ఆకాశం. ఎస్తేర్ గారు ఇక ఆగలేదు. జర్మనీలో పాడి రైతు ఇంట్లో మరియాగా బతికిన మూడేళ్ళు చెప్పారు. పోలండ్ వాళ్ళని గుర్తుపట్టడానికి బట్టల మీద పెట్టే గుర్తు తనే కుట్టుకున్నారు. అటక మీద ఇంకో పోలిష్ అమ్మాయి పక్కన పడుకోవాలి. నిద్రలో తమ యూదుల భాష ఎక్కడ బయటికి వస్తుందోనని రోజూ నోట్లో గుడ్డ కుక్కుకుని పడుకునేవారు. పొద్దున ఆ అమ్మాయి లేచేలోపు తీసేయాలి. "మూడేళ్ళు. ఒక్కరోజూ మర్చిపోలేదు" అన్నారు. కాసెట్లు అయిపోతాయని నాకు భయం పట్టుకుంది. ఒక మందుల దుకాణంలో ఇంకో మూడు కొన్నాను.

గాలప్ అనే ఊళ్ళో అమెరికా ఆదివాసులైన నవాహో తెగ వాళ్ళు ఎక్కువ. పార్కింగ్‌లో ఒక నవాహో ముసలావిడ పెద్ద మూకుడులో నూనె కాచి రొట్టెలు వేస్తోంది. మన పూరీకి అక్క వరస, దళసరిగా, అరచేయంత కాదు, పళ్ళెమంత. పైన తేనె పోసి ఇచ్చింది. రెండు డాలర్లు. ఆవిడ ముదురు రంగు వెల్వెట్ రవిక వేసుకుంది. ఎస్తేర్ గారు తేనె చేతులు తుడుచుకుని, అడిగి మరీ ఆ చేతికుట్టు తిప్పి చూశారు. చంక దగ్గర వేలు పెట్టి నాతో "బిగుతు లేదు, వదులు లేదు" అన్నారు. తెలుగులోనే. నేను నవ్వాపుకోలేకపోయాను.

"ఎవరు కుట్టారు?" అని ఆవిడని అడిగారు.

"మా చెల్లి."

"నాకూ చెల్లెలు ఉండేది" అన్నారు ఎస్తేర్ గారు. "గిటెల్. దానికి కుట్టుపని బొత్తిగా రాదు."

ముసలావిడ నవ్వి ఇంకో రొట్టె వేసి ఇచ్చింది. డబ్బు తీసుకోలేదు.

చాండ్లర్

అక్టోబరులోనూ చాండ్లర్‌లో ఎండ చుర్రుమంటోంది. ఇళ్ళముందు గడ్డికి బదులు గులకరాళ్ళు. రూత్ బయటే నిలబడి ఉంది. యాభై నాలుగేళ్ళ మనిషి, తల్లిలాగే గట్టి భుజాలు. కంప్యూటర్ చిప్‌లు తయారుచేసే కంపెనీల వల్ల తన క్లాసు నిండా తెలుగు పిల్లలేననీ, సాయిలే నలుగురనీ, ఎవరిని పిలిచినా నలుగురూ పలుకుతారనీ నాకు చెప్పింది. వాళ్ళ పేర్లు నాకంటే స్పష్టంగా పలికింది.

భోజనం అయ్యాక నేను పడుకుంటానని లేచాను. అది తల్లీకూతుళ్ళ విషయం. ఎస్తేర్ గారు నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

"ఆ టెక్సస్ టేపు పెట్టు."

"రేపు వినొచ్చుగా?"

"రేపు నాకు మాట ఉంటుందో లేదో. పెట్టు."

వంటింటి బల్ల మీద పెట్టాను. రూత్ మొదట తల్లి మొహం చూస్తూ వింది, తర్వాత రికార్డర్ వైపు, తర్వాత తన చేతుల వైపు. గిటెల్ తలగుడ్డ సరిచేసే చోటికి వచ్చేసరికి నేను కిటికీ వైపు తిరిగాను. టేపు ఆగాక రూత్ తల్లి వైపు తిరిగింది.

"నాలుగో క్లాసులో ఫ్యామిలీ ట్రీ గీయమన్నారు. నిన్ను అడిగాను. నువ్వు ఒక్కదానివే అన్నావు. ఆ కొమ్మ ఖాళీగా వదిలి తీసుకెళ్ళాను, మామ్. అందరి కాగితాల నిండా మనుషులు ఉన్నారు."

"అన్నాను."

"నేనేం అనుకుంటానని? నిన్ను అసహ్యించుకుంటాననా?"

"కాదు. క్షమించేస్తావని."

రూత్ లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. తలుపు గట్టిగా వేసుకుంది. నేను వెళ్ళబోతే ఎస్తేర్ గారు వద్దన్నారు. "దానికి కోపం రావాలి. గిటెల్ తరఫున ఎవరికో ఒకరికి రావాలిగా." బల్ల దగ్గర మేమిద్దరం అలా కూర్చున్నాం. ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు, తల వంచుకోలేదు.

రూత్ తిరిగి వచ్చి తల్లి పక్కన కుర్చీ లాక్కుంది. "నేను క్షమించను. ఆ పని నాది కాదు. కానీ ఆమె ఎలా ఉండేదో చెప్పు."

ఎస్తేర్ గారు చెప్పారు. పొట్టి. ఎడమచేతి వాటం. పాటలు పాడితే శ్రుతి కలిసేది కాదు, అయినా ఆపేది కాదు. రూత్ మధ్యలో నవ్వింది, వెంటనే ఏడ్చింది.

నా సంచిలో ఒక ఫారం ఉంది. మా ఊరి మ్యూజియంలో ఇచ్చారు. యుద్ధంలో చంపబడినవాళ్ళ పేర్లు, గుర్తు చేసుకునేవాళ్ళు లేక మరుగున పడిపోకుండా, ఒక్కొక్కరికీ ఒక్కో కాగితం నింపి దాచుతారు. అది తీసి బల్ల మీద పెట్టాను. రూత్ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో ప్రశ్నా చదువుతూ రాసింది. పేరు. తల్లి పేరు. తండ్రి వృత్తి. ఊరు. చివర్లో ఒక ప్రశ్న, చనిపోయినవారికి మీరు ఏమవుతారు అని. రూత్ కలం తల్లి చేతికిచ్చింది. ఎస్తేర్ గారు తనే రాశారు: అక్క.

రూత్ ఆ కాగితం చూసి, "ఇలాంటిది ఇంకోటి ఉందా?" అని నన్ను అడిగింది. ఉందన్నాను. తన పేరుతో అదే మొత్తం మళ్ళీ నింపింది. ఆఖరి ప్రశ్న దగ్గర ఆగి నన్ను అడిగింది, "అమ్మ చెల్లెల్ని మీరు ఏమంటారు? మీ పిల్లలు ప్రతివాళ్ళనీ ఆంటీ అంటారు. సొంత మనిషికి వేరే మాట ఉండాలిగా."

"పిన్ని" అన్నాను.

రెండుసార్లు పలికి చూసుకుంది. ఫారం మీద మాత్రం ఇంగ్లీషులో, గిటెల్ అక్క కూతురిని అని రాసింది.

ఇంటికి వచ్చాక

కాసెట్లన్నీ విని టైపు చేయడానికి నాకు మూడు నెలలు పట్టింది. మావారు తప్పులు దిద్దిపెట్టారు. టల్సా దాకా వచ్చిన ఖాళీ టేపు కూడా పారేయలేదు. మొదట టైఫస్ అని చెప్పిన సంగతి, రికార్డు కాని సంగతి, రెండూ టైపు ప్రతిలో రాశాను. అలా రాయమన్నది ఎస్తేర్ గారే. ఒక ప్రతి మ్యూజియానికి ఇచ్చాను, ఒకటి రూత్‌కి పంపాను.

ఫిబ్రవరిలో నేను భయపడ్డదే జరిగింది. రెండో స్ట్రోక్ మాట తీసుకుపోయింది. మాట పోయాక ఆవిడ ఇంకో ఏడాది ఉన్నారు. ఎదుటివాళ్ళు చెప్పేది అర్థమయ్యేది, జవాబు చెప్పలేకపోయేవారు.

మాట పోయిన రెండు నెలలకి, ఏప్రిల్‌లో, రూత్ ఫోన్ చేసింది. ఫారాలు అందాయని మ్యూజియం నుంచి ఉత్తరం వచ్చిందట. గిటెల్ పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, వయసు పదహారు, అక్క ఎస్తేర్ ఇచ్చిన సమాచారం, అక్క కూతురు రూత్ ఇచ్చిన సమాచారం. తల్లి మంచం పక్కన కూర్చుని చదివిందట. ఎస్తేర్ గారు వేలితో కాగితం మీద తట్టారట, మళ్ళీ చదవమని. మళ్ళీ చదివితే మళ్ళీ తట్టారట. మూడుసార్లు చదివించుకుని నిద్రపోయారట.

నాలుగోసారి రూత్ నాకు ఫోన్‌లో చదివింది. నేను లేచి నిలబడి విన్నాను.